చక్రం చెప్పే శ్రుతి

ఉగాది వెళ్ళిన తరువాతి ఆదివారం టికియాపారా వెళ్ళాను. మాటవరసకి కోల్‌కతా అంటాం గానీ ఊరు హుగ్లీకి పడమటి ఒడ్డున, హౌరాలో ఉంది. హౌరా స్టేషన్లో ఖరగ్‌పూర్ లోకల్ ఎక్కి సీటు చూసుకునేలోపే వచ్చేస్తుంది. పట్టాల పక్కన లోకల్ బండ్ల కార్‌షెడ్డు, ఎక్స్‌ప్రెస్ బోగీలు కడిగి చక్కబెట్టే కోచింగ్ డిపో. బెలిలియస్ రోడ్డు వైపు నడిస్తే లేతు మిషన్లు, ఇనుము పోతపోసే కార్ఖానాలు, వాటి మధ్య సందుల్లో ఇళ్ళు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు పనికని వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల వాళ్ళు ఓ ముప్పైమంది ఆ సాయంత్రం కూడారు. నేను ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో పెరిగినదాన్ని, ముప్పై మూడేళ్ళు ఫిజిక్సు పాఠం చెప్పినదాన్ని కాబట్టి నన్నేదైనా అడగొచ్చని వాళ్ళకి అనిపించినట్టుంది. నలుగురిలో అడగలేనివి కాగితం మీద రాసి పంపమన్నాను. ఈ నెల సమాధానాలన్నీ ఆ ఉత్తరాలకే. పేర్లు తీసేశాను.

సందేహం: టీచరమ్మగారికి నమస్కారం. నేను రైల్వే సి అండ్ డబ్ల్యూ (క్యారేజ్ అండ్ వాగన్)లో టెక్నీషియన్ని, ఇరవై ఏడేళ్ళ సర్వీసు. పిట్ లైన్లోకి దిగి బోగీల కింద చూడటం నా పని. చక్రాల్ని సుత్తితో కొట్టి చప్పుడు వినడం పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. శుక్రవారం భజనలో మృదంగం వాయిస్తాను. అబ్బాయి హైదరాబాదులో ఉన్నాడు, ఆదివారం ఫోను చేస్తాడు, రెండు నిమిషాలయ్యాక మాటలుండవు. డ్యూటీ ఒక ముక్క, మృదంగం ఒక ముక్క, ఇల్లు ఒక ముక్క. రిటైరయ్యే ముందు వెనక్కి తిరిగి చూస్తే ఇందులో నాదంటూ ఏముందో తెలియటం లేదు. ఇది అడగొచ్చో లేదో కూడా తెలియదు.

సమాధానం: అడగొచ్చు నాయనా. ఇన్నాళ్ళూ అడగకుండా ఎలా ఉన్నారా అనిపించింది నాకు.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. సుత్తితో కొట్టి చప్పుడు వినడం. చిన్నప్పుడు మా అమ్మ సంతలో కుండ కొనేటప్పుడు అలాగే వేలి కణుపుతో తట్టేది. ఖంగుమంటే డబ్బులు తీసేది, డొక్కు చప్పుడొస్తే అక్కడే పెట్టేసేది. గట్టి వస్తువుని కొడితే అదంతా ఒక్కటిగా వణుకుతుంది. ఆ వణుకు తగ్గడానికి కొంత సమయం పడుతుంది, అందుకే మోత చెవిలో నిలుస్తుంది. సన్నటి పగులున్నా దాని రెండు అంచులూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. వణుకులో ఉన్న శక్తి ఆ రాపిడిలో వేడిగా మారిపోతుంది, మోత పుట్టీ పుట్టకముందే చచ్చిపోతుంది. కంటికి కనపడని పగులు చెవికి దొరికేది అందుకే. ఇవాళ ఇరుసుల్లో పగుళ్ళు పట్టడానికి అల్ట్రాసోనిక్ యంత్రాలున్నాయి. అవి చేసేదీ అదే జాతి పని: మనిషి చెవికి అందని ధ్వనిని లోహంలోకి పంపి, తిరిగొచ్చినదాన్ని వినడం. అంటే ఇరవై ఏడేళ్ళుగా మీరు చేస్తున్నది ధ్వనిశాస్త్రం. ఆ మాట మీతో ఎవరూ అనలేదు, అంతే.

ఇప్పుడు మృదంగం దగ్గరికి రండి. ఉట్టి తోలు బిగించి కొడితే వచ్చే స్వరాలకి ఒకదానితో ఒకదానికి పొత్తు కుదరదు. మొదటిదాన్ని 1 అనుకుంటే తరువాతివి 1.59, 2.14, 2.30, 2.65 ఇలా ఉంటాయి. అందుకే మామూలు డప్పు మోగుతుందే గానీ శ్రుతి పలకదు. తీగ అలా కాదు, దాని స్వరాలు 1, 2, 3, 4 అని మెట్లు కట్టినట్టుంటాయి. మృదంగం కుడి మూత మధ్యన రాతిపొడి, అన్నం కలిపి మెదిపి, పొర మీద పొర అద్ది ఆరబెట్టిన ఆ నల్లటి బిళ్ళ ఉంది చూడండి, బెంగాలీలు తబలా మీద గాబ్ అంటారే, అదే. ఆ బరువు సరిగ్గా మధ్యలో కూర్చోవడం వల్ల తోలు స్వరాలు సర్దుకుని తీగ స్వరాల్లా 1, 2, 3, 4, 5 వరసలోకి దగ్గరగా వస్తాయి. అందుకే మీ మృదంగం తంబురాతో కలుస్తుంది.

ఈ సంగతి లెక్కతో తేల్చిన మనిషి మీకు నదికి అవతలే పనిచేశాడు. సి.వి.రామన్ బడిచదువు మన విశాఖపట్నంలోనే. తండ్రి అక్కడ ఏ.వి.ఎన్. కాలేజీలో లెక్చరరు, కొడుకు పదకొండేళ్ళకే మెట్రిక్ పాసయ్యాడు. 1907లో కలకత్తా వచ్చింది మాత్రం సైంటిస్టుగా కాదు, ఆర్థికశాఖలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా. రోజూ ట్రాములో ఆఫీసుకు వెళ్తూ బౌబజార్ వీధి 210 నంబరు దగ్గర ఒక బోర్డు చూశాడు. మహేంద్రలాల్ సర్కార్ అనే డాక్టరు 1876లో పెట్టిన సైన్సు సంస్థ అది, అప్పటికి పరిశోధనలేమీ పెద్దగా లేక పడివుంది. తలుపు తడితే తీసిన మనిషి ఆశుతోష్ డే, అందరూ ఆశుబాబు అనేవారు. ఆ రోజు నుంచి కలకత్తాలో ఉన్నన్నాళ్ళూ రామన్ పొద్దున్నే ఒకసారి, ఆఫీసయ్యాక మళ్ళీ రాత్రిదాకా అక్కడే. పదేళ్ళు పద్దులు పద్దులే, ప్రయోగాలు ప్రయోగాలే. 1917లో జీతం తగ్గినా యూనివర్సిటీ ప్రొఫెసరు పనికి మారాడు. 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి మన మృదంగం, తబలాల స్వరాల మీద రాసిన వ్యాసం ‘నేచర్’ పత్రికలో వచ్చింది. నోబెల్ తెచ్చిన కాంతి ప్రయోగానికి అది ఎనిమిదేళ్ళ ముందు.

రామన్ గురించి చెప్పేవాళ్ళు ఆశుబాబుని వదిలేస్తారు. నాకది నచ్చదు. ఆయన కాలేజీ గడప తొక్కిన మనిషి కాదు. పరికరాలు బిగించడం, రాత్రిళ్ళు పక్కన నిలబడి కొలతలు తీయడం ఆయన పని. ఆ చేతి పనిలోంచే ఎదిగి, తన ఒక్కడి పేరుతో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో పరిశోధన వ్యాసం వేసుకున్నాడు. రామన్‌కి ఆశుబాబు దొరికాడు, ఆశుబాబుకి రామన్ దొరికాడు. విన్నది నిజమేనా అని పక్కకి తిరిగి అడగడానికి ఒకరికొకరు ఉన్నారు.

మీకు లేనిది అదొక్కటే అని నాకనిపిస్తోంది. మీ మూడు ముక్కలూ ఒకే చెవి. చక్రం దగ్గర వినేదీ ఆ చెవే, మూత మీద వినేదీ ఆ చెవే. ఆదివారం ఫోన్లో అబ్బాయి గొంతు కాస్త దిగిందని మీకు తెలిసిపోతుంది చూడండి, అదీ ఆ చెవే. కానీ ఆ చెవిలో ఏముందో మీరు ఎవరికీ చూపించలేదు. అబ్బాయికి కూడా.

ఒక పని చెయ్యండి. కచేరీ మృదంగం మీద వద్దు, పాత తబలా ఏదైనా తీసుకోండి. బాగా ఆరిన సన్నటి ఇసుక జల్లెడ పట్టి మూత మీద పలచగా చల్లండి. మూత మీద ఒకచోట వేలు తేలిగ్గా ఆనించి, ఇంకోచోట అంచు మీద కొట్టండి. ఇసుక గెంతి, వణకని చోటుకి వెళ్ళి గీతలాగా కూర్చుంటుంది. వేలు జరిపితే గీత మారుతుంది. రామన్ చేసింది ఇదే, ఆ ఇసుక బొమ్మల్ని ఫొటోలు తీశాడు. మీ సందులో పిల్లల్ని నలుగురిని కూర్చోబెట్టుకుని చెయ్యండి. తరువాత ఫోన్లో అబ్బాయికి వీడియో చూపించి, ఇసుక ఎందుకలా ఆగిందో వాణ్ణే అడగండి. రెండు నిమిషాలకి మాటలైపోవు.

ఇంకో మాట. ఆ నల్ల బిళ్ళ ఎంత మందం ఉండాలో రామన్‌కి వందల ఏళ్ళ ముందే తోలు పని చేసే ఎవరి చేతులకో తెలుసు. కొట్టి విని, గీకి, మళ్ళీ అద్ది, మళ్ళీ విని కనిపెట్టారు. ఏ పుస్తకంలోనూ వాళ్ళ పేరు లేదు. మీ సుత్తి విద్య కూడా అలా పేరు లేకుండా పోకూడదు. డిపోలో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి చెప్పండి, నోట్‌బుక్కులో రాసి కూడా ఇవ్వండి.

సందేహం: అమ్మా, మా అమ్మాయి ఈ ఏడు మాధ్యమిక్ రాసింది. బయాలజీ పుస్తకం నిండా ఆకులు, పువ్వుల బొమ్మలే. తిడితే ఊరుకుంటుంది, మళ్ళీ గీస్తుంది. బొమ్మలు కూడు పెడతాయా, సైన్సు తీసుకో అంటారు వాళ్ళ నాన్న. ఆ పిల్ల నేను బొమ్మలే వేస్తానంటుంది. ఇంట్లో పది రోజులుగా మాటల్లేవు. ఎవరి వైపు మాట్లాడను?

సమాధానం: ఎవరి వైపూ వద్దు తల్లీ. వచ్చే ఆదివారం ముగ్గురూ కలిసి శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళండి. మీ హౌరాలోదే. ఇంత దగ్గరుండి అక్కడికి వెళ్ళని కుటుంబాలు ఎన్నో చూశాను, ఖరగ్‌పూర్ నుంచి మేమే వెళ్ళేవాళ్ళం.

ఆ తోట 1787లో మొదలైంది. 1793లో దాని బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు ఉన్నది ఎక్కడో తెలుసా? మన సామర్లకోటలో. ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా వచ్చిన స్కాట్లండ్ మనిషి, కోస్తాలో ఏళ్ళ తరబడి మొక్కల వెంట తిరిగాడు. మొక్క తెచ్చి ముందు పెట్టి, మన దేశపు చిత్రకారుల చేత బొమ్మ గీయించేవాడు. అలా పోగైన వందల బొమ్మల్లోంచి 300 ఎంచి లండన్లో 1795 నుంచి మూడు పెద్ద సంపుటాలుగా అచ్చువేశారు. కోరమాండల్ తీరపు మొక్కలు అని ఆ పుస్తకం పేరు. మన మోదుగ అందులో ఉంది. ఇక్కడికొచ్చాక కూడా ఆ పని ఆగలేదు, శిబ్‌పూర్‌లో గీయించినవాటితో కలిపి బొమ్మలు 2,500 దాటాయి.

ఫొటోలున్న కాలంలో బొమ్మ దేనికని వాళ్ళ నాన్నగారు అడగొచ్చు. ఫొటో ఆ ఒక్క ఆకునే చూపిస్తుంది, పురుగు కొట్టిన రంధ్రంతో సహా. గీసేవాళ్ళు పది ఆకులు చూసి, ఈ జాతి ఆకు ఇలా ఉంటుందని తేల్చుకుని గీస్తారు. కొమ్మకి ఆకు ఎక్కడ అతుక్కుంది, ఎదురెదురుగానా ఒకటి తరువాత ఒకటిగానా, పువ్వుని నిలువునా కోస్తే లోపల కేసరాలెన్ని, గింజ ఏ వైపు తిరిగి ఉంది, ఇవన్నీ ఒకే కాగితం మీద పక్కపక్కన పెడతారు. చూడకుండా ఒక్క గీత గీయలేరు. మీ అమ్మాయి పుస్తకం ఆ సాయంత్రం నాకు చూపించింది. మందారం పక్కన కేసరాల గొట్టాన్ని వేరుగా, పెద్దది చేసి వేసింది. ఎవరూ చెప్పకుండానే వేసింది. ఆ పిల్ల బయాలజీ మానేసి బొమ్మలు వేయటం లేదు. ఆ పిల్ల చదివే తీరే అది.

అందుకని హయ్యర్ సెకండరీలో బయాలజీతో సైన్సు తీసుకోనివ్వండి, బొమ్మ మాత్రం ఆపొద్దు. తరువాత బోటనీ చదవొచ్చు. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం ఉన్నది కోల్‌కతాలో. దాని హెర్బేరియం శిబ్‌పూర్ తోటలోనే ఉంది, దాదాపు 20 లక్షల ఎండిన మొక్కల నమూనాలతో. కొత్త మొక్కని లోకానికి చెప్పే వ్యాసాల్లో ఇవాళ్టికీ చేత్తో గీసిన బొమ్మలు వేస్తున్నారు. రాజభోగం ఉంటుందని చెప్పను. గౌరవంగా బతికే పని.

ఇక వాళ్ళ నాన్నగారి సంగతి. రాక్స్‌బర్గ్ ప్రతి మొక్కకీ ఊళ్ళో జనం పిలిచే తెలుగు పేరు అడిగి రాసుకునేవాడు. సోమిద మాను ఉంది కదా, మన కొండల్లో చేవగా పెరిగే చెట్టు, బెరడు జ్వరానికి వాడేవారు. దానికి ప్రపంచమంతా పలికే లాటిన్ పేరు సోయ్‌మిడా. మన పల్లెవాడి నోటి మాట అలా శాస్త్రంలోకెక్కింది. మీ వారు ఆ సాయంత్రం మాటల్లో, చిన్నప్పుడు పాతపట్నం దగ్గర పశువుల వెంట కొండకి వెళ్ళేవాణ్ణని చెప్పారు. అమ్మాయికి మొక్క ఆకారం తెలుసు, పేరు బెంగాలీలోనో పుస్తకంలోనో తెలుసు. తెలుగు పేరు ఆయనకి తెలుసు. తోటలో నడుస్తూ పిల్ల గీస్తుంది, ఆయన్ని పేరు చెప్పమనండి. పది రోజుల మౌనం ఆ తోటలోని పెద్ద మర్రిచెట్టు దాకా నిలవదు.

ఆ మర్రిని తప్పకుండా చూడండి. బూజు పట్టి కుళ్ళిపోయిందని 1925లో దాని అసలు మానుని కోసి తీసేశారు. తల్లి మాను లేకుండానే మూడు వేలు దాటిన ఊడల మీద నిలబడి ఇంకా పాకుతోంది.

ఒక్క బాధ చెప్పి ముగిస్తాను. ఆ కోరమాండల్ పుస్తకంలో బొమ్మలు గీసిన మనవాళ్ళ పేర్లు వేయలేదు. రాక్స్‌బర్గ్ పేరు మాత్రం అట్ట మీద ఉంది. మీ అమ్మాయికి నా మాటగా చెప్పండి: ప్రతి బొమ్మ కింద తన పేరు, తేదీ, చోటు రాయాలి. తెలుగు పేరు చెప్పిన నాన్న పేరు కూడా రాయాలి.

సందేహం: మేడమ్, నేను ఇంజనీరింగు రెండో ఏడు. కర్ణాటక సంగీతం పదేళ్ళు నేర్చుకున్నాను. సైన్సువాళ్ళకి పాట కాలక్షేపం, మానేయమంటున్నారు. నిజంగా ఒకదాన్నొకటి తింటాయా?

సమాధానం: శ్రీపాద పినాకపాణి గారు 1913లో శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో పుట్టారు. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో ఎం.బి.బి.ఎస్., తరువాత ఎం.డి. చదివారు. కర్నూలు మెడికల్ కాలేజీలో జనరల్ మెడిసిన్ ప్రొఫెసరుగా పనిచేశారు. పగలు వార్డులో స్టెతస్కోపు, ఇంటికొస్తే శిష్యులు. ఆ శిష్యుల్లో నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు ఉన్నారు. మద్రాసు సంగీత అకాడమీ ఆయనకి సంగీత కళానిధి బిరుదిచ్చింది. కీర్తనలకి ఆయన వేసిన స్వరలిపి చూడు, పాటలో గొంతు తిరిగే ప్రతి చిన్న మలుపునీ కాగితం మీద పట్టాలన్న పట్టుదల కనిపిస్తుంది. రోగ లక్షణాలు వరసగా రాసుకునే డాక్టరు చెయ్యి అది. 99 ఏళ్ళు బతికారు, రెండింటిలో ఏదీ రెండోదాన్ని తినలేదు.

నీకు దగ్గర్లో ఇంకొకరు కావాలంటే సత్యేంద్రనాథ్ బోస్. 1924లో తన వ్యాసాన్ని ఐన్‌స్టైన్‌కి పంపి, ప్రపంచపు కణాల్లో సగం జాతికి బోసాన్లని తన పేరే పెట్టించుకున్న కలకత్తా మనిషి. ఎస్రాజ్ వాయించేవారు. సైన్సుని బెంగాలీలో చెప్పడానికి 1948లో వంగీయ విజ్ఞాన పరిషత్తు పెట్టారు.

నా సంగతి కూడా వినమ్మా. ఎమ్మెస్సీలో చేరినప్పుడు వీణ మూల పెట్టించారు. ఎవరన్నది ఇప్పుడు అనవసరం. ఇరవై తొమ్మిదేళ్ళు తీయలేదు. తీగల ప్రకంపనల పాఠం ప్రతి ఏడాదీ చెప్పాను, ఇంట్లో ఉన్న తీగ ముట్టుకోకుండా. ఆ పాఠం చప్పగా చెప్పానని ఇప్పుడు తెలుస్తోంది. నువ్వు మానొద్దు. పరీక్షల నెలలో సాధన తగ్గించు, అంతే.

సందేహం: అక్కా, మా ఆయనది రైల్వేలో నైట్ డ్యూటీ. నేను ఇంట్లోంచే ఒక కంపెనీకి డేటా పని చేస్తాను. పొద్దుట్నుంచి అంకెలు, వరసలు, నిలువులు. ఎవరివో, దేనికో తెలీదు. పక్కింట్లో వాళ్ళు బెంగాలీ, కిందింట్లో బిహారీలు, ఎవరితోనూ మాట కలవదు. స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ చేశాను. ఒకప్పుడు ఇష్టంగానే చదివాను.

సమాధానం: ఒకప్పుడు ఇష్టంగా చదివానన్నావు చూడమ్మా, అక్కడ పట్టుకుందాం.

నువ్వు చదివిన పుస్తకంలో క్రామర్–రావు అని ఒక అసమానత ఉంటుంది. ఆ రావు మన సి.ఆర్.రావు. చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో సాగింది. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి నూనె దీపం వెలిగించి చదువుకోమన్న అమ్మని ఆయన తన పుస్తకం అంకితంలో తలుచుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో ఎం.ఏ. ఫస్టు క్లాసు. అంత చదివీ ఉద్యోగం లేదు. యుద్ధకాలంలో ఏదో ఇంటర్వ్యూ ఉందని కలకత్తా వచ్చారు. ఆ ఉద్యోగం రాలేదు. బసలో తారసపడిన ఒకతను, నేను స్టాటిస్టిక్స్ నేర్చుకుంటున్నానని చెప్పాడు. అతను నేర్చుకుంటున్న చోటే 1941లో రావు గారు చేరారు. 1945లో, పాతికేళ్ళ వయసులో, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్లో ఆయన వేసిన ఒక వ్యాసంలోదే నువ్వు పాఠంగా చదివిన ఆ సూత్రం. 2023లో స్టాటిస్టిక్స్ అంతర్జాతీయ బహుమతి వచ్చినప్పుడు ఆయనకి 102. బసలో ఆ మనిషితో మాట కలపకపోతే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు అనుకుంటాను.

ఆయన చేరిన చోటు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, 1931లో ప్రశాంతచంద్ర మహలనోబిస్ పెట్టింది. ఆయన ఫిజిక్సు ప్రొఫెసరు, పదేళ్ళు రవీంద్రనాథ్ టాగోర్ విశ్వభారతికి కార్యదర్శుల్లో ఒకరు. టాగోర్‌తో తిరిగిన మనిషి అంకెల్ని ఎలా చూశారో విను. 1937 నుంచి బెంగాల్లో జనపనార పంట ఎంత వేశారో పొలాల నమూనాలు తీసి లెక్కగట్టారు. ఆ జనపనారే హౌరా మిల్లుల్లోకొచ్చేది, ఆ మిల్లుల కూలికి కూడా మన జిల్లాల వాళ్ళు ఇటు వచ్చారు. 1943 కరువు తరువాత ఊరూరూ మనుషుల్ని పంపి, ఎవరు పోయారు, ఎవరు భూమి అమ్ముకున్నారు, ఎవరు అడుక్కునే స్థితికి వచ్చారు అని నమూనా సర్వే చేశారు. కరువు గురించి కథలు, బొమ్మలు, నాటకాలు చాలా వచ్చాయి, గొప్పవి వచ్చాయి. ఎంతమంది, ఏ పనివాళ్ళు, ఎంత భూమి అన్నది మాత్రం ఈ వరసలూ నిలువులే చెప్పాయి. ఒక్కో వరసా ఒక్కో ఇల్లు.

నువ్వు చూసే వరసల వెనక కూడా ఎవరో ఉన్నారు. అవి ఏమి అంకెలో పై వాళ్ళని అడుగు. అడగడం తప్పు కాదు. చెప్పకపోతే సాయంత్రం గంటసేపు నీ సొంత లెక్క ఒకటి మొదలుపెట్టు. మీ సందు లెక్క. కొళాయి ఎన్నింటికి వస్తుంది, ఎంతసేపు వస్తుంది, ఏ ఇంటికి బిందెలు నిండవు. నెల రోజులు రాయి. దీనికి పక్కింటి బెంగాలీ ఆవిణ్ణీ కిందింటి బిహారీ ఆవిణ్ణీ అడక్క తప్పదు. భాష రాకపోయినా బిందెలు వేళ్ళతో లెక్కపెట్టి చూపించొచ్చు. నెల తరువాత దాన్ని పెద్ద కాగితం మీద రంగులతో గీసి గోడకి పెట్టు, ప్రతి ఇంటికీ ఒక గీత. అందంగా గియ్యి, ముగ్గు పెట్టినంత శ్రద్ధగా. ఎవరి గీత పొట్టిగా ఉందో వాళ్ళు వచ్చి దాని ముందు నిలబడతారు. అప్పుడు మాటలు వాటంతటవే వస్తాయి. వార్డు ఆఫీసుకి వెళ్ళాల్సొస్తే ఆ కాగితమే తీసుకెళ్ళండి, ముగ్గురూ కలిసి.

లెక్క అయ్యాక నాకో ప్రతి పంపు. నిజంగా అడుగుతున్నాను.

సందేహం: నా వయసు 71. కార్‌షెడ్డులో పనిచేసి రిటైరయ్యాను. భార్య పోయి మూడేళ్ళు. మిషన్ల మోతలో చెవులు చాలావరకు పోయాయి. భజనకి వెళ్ళినా సన్నటి పాట వినపడదు, వెనకాల కూర్చుని వచ్చేస్తాను. ఇంకా ఏం నేర్చుకోగలను?

సమాధానం: అయ్యా, పెద్ద మోతల్లో పనిచేసిన చెవికి ముందు పోయేవి హెచ్చు స్వరాలే. తాళాలు, ఆడవాళ్ళ గొంతు, మాటల్లో స, శ. మందమైన స్వరాలు చాలాకాలం నిలుస్తాయి, అవి చెవికి చాలకపోయినా ఒంటికి తెలుస్తాయి. ఎవెలిన్ గ్లెన్నీ అని స్కాట్లండ్ వాద్యకారిణి ఉన్నారు, పన్నెండేళ్ళకే వినికిడి దాదాపు పూర్తిగా పోయింది. చెప్పులు లేకుండా వేదికెక్కి, పాదాల్లోంచి ధ్వని పట్టుకుని డ్రమ్ములు వాయిస్తారు. ముందు చెవి డాక్టరుకి చూపించుకోండి, వినికిడి మిషను పెట్టుకుంటే మాట చాలావరకు తేలికవుతుంది. దానికి సిగ్గుపడొద్దు.

భజనలో వెనక కూర్చోవద్దు. మృదంగం పక్కన కూర్చుని దాని కట్టె మీద అరచెయ్యి ఆనించండి. ఎడమ మూత మీద తడి రవ్వ ముద్ద అంటిస్తారు చూశారా, ఆ బరువుకి స్వరం దిగి గుమ్మని పలుకుతుంది. అది మీ మోచేతి దాకా వస్తుంది.

ఆ మృదంగం ఎవరిదో మీకు తెలుసు. ఈ పేజీలో మొదటి ఉత్తరం ఆయనదే. ఆయన అనుమతి తీసుకునే చెబుతున్నాను. మీ ఉత్తరం సంగతి ఆయనకి ఫోన్లో చెప్పాను. ఇసుక జల్లెడ పట్టడానికి ఒక మనిషి కావాలట. శుక్రవారం ఏడింటికి భజన, మీరు ఆరింటికే వెళ్ళండి.